ఒక్క చెవి లెక్క

మావయ్య పేరు మీద కట్టిన గదిలో గోడకు పెట్టడానికి ఒకటిన్నర పేజీ రాసిమ్మని మ్యూజియం వాళ్లు నన్ను అడిగారు. వచ్చిన అమ్మాయి మర్యాదస్తురాలే. చేతిలో ఫైలు, మెడలో ఆఫీసు బిళ్ల. చదివిన పిల్లలకు ఉత్సాహం కలిగేలా ఉండాలట, కష్టాలు ఒకటి రెండు ఉండొచ్చట, చివరికి మాత్రం గెలుపే ఉండాలట. రాసిచ్చాను. అందులో అబద్ధం ఒక్కటి లేదు. పుట్టిన సంవత్సరం, చేసిన ఉద్యోగం, నడిచిన మైళ్లు, కాపాడిన మూడు అడవులు, అందుకున్న పతకాలు, అన్నీ నిజమే. ఆ అమ్మాయి చదువుకుని, చాలా బాగుందండీ అని వెళ్లిపోయింది. తలుపు వేశాక నా మీద నాకే అసహ్యం వేసింది. అందుకే మిగతాది ఇక్కడ రాస్తున్నాను. ఇది గోడకు పనికిరాదు.

మావయ్య మా అమ్మకు అన్న. నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తా. రోజూ పొద్దున్నే రిజర్వాయరు గట్టు మీదికి వెళ్లి, నీళ్లలో పాతిన కొలబద్ద మీద మట్టం ఎంతుందో చూసి పుస్తకంలో రాయడం ఆయన పని. రాత్రి వాన పడింది కదా, పెరిగే ఉంటుందిలే అని ఊహించి రాయకూడదు. పొగమంచులో బద్ద కనబడకపోతే కనబడలేదనే రాయాలి. చూసింది చూసినట్టు రాసే ఆ అలవాటే ఆయన్ను అంతటివాణ్ని చేసింది. మా కొంప ముంచింది కూడా అదే.

రిజర్వాయరు వెనక కొండ మీద ఉన్నదాన్ని పై అడవి అనేవాళ్లు. ఆయనకు ముప్పై నాలుగేళ్లప్పుడు అక్కడ ఒక కూత విన్నాడు. సన్నగా, పైకెక్కిన కొద్దీ ఇంకా సన్నగా, చెవిలోకి దారం ఎక్కించినట్టు ఉండే కూత. ఏ పుస్తకంలోనూ అలాంటి కూత గురించి లేదు. ఆ పిట్టను కంటితో చూడటానికి ఆయనకు మూడేళ్లు పట్టింది. బొటనవేలంత బూడిదరంగు పిట్ట. నాచు పట్టిన పాత చెట్ల చిటారు కొమ్మల్లో తప్ప బతకదు, కిందికి దిగదు. దానికి సూదిపిట్ట అని ఆయనే పేరు పెట్టాడు. ఊరు ఆయనకు పిట్టలాయన అని పేరు పెట్టింది. మొదట్లో అది వెక్కిరింత. తర్వాత అదే మాటను చేతులు కట్టుకుని అనేవాళ్లు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మావయ్య రచ్చే గెలిచాడు. ఇంట్లో అత్తయ్య ఆయన బూట్ల బురద కడుగుతూ, గెలిచేవాళ్లెవరో ఓడేవాళ్లెవరో పట్టించుకునే తీరిక లేకుండా బతికింది.

పై అడవికి రక్షణ సంపాదించడానికి ఆయనకు పదకొండేళ్లు పట్టింది. ఎన్ని ఉత్తరాలు, ఎన్ని ఆఫీసుల వరండాలు. కలప కొట్టే వాళ్లు ఊరుకుంటారా? ఒక పిట్ట కోసం కొండంత కలప వదులుకోమంటావా, రేపు ఆ పిట్ట ఎగిరిపోతే ఏంటి అని అడ్డం తిరిగారు. అప్పుడు మావయ్యే ఒక షరతు రాసిచ్చాడు. సూదిపిట్ట వరుసగా పదేళ్లు వినబడకపోతే పై అడవి మీద రక్షణ ఎత్తేయొచ్చు. వినడం మాత్రం తన పద్ధతి ప్రకారమే జరగాలి. అంత నిజాయితీపరుడు మరొకడు ఉండడని పత్రికలన్నీ పొగిడాయి. తన ఉరితాడు తనే పేనుకుంటున్నాడని ఎవరికీ తోచలేదు. ఆయనకు అప్పటికి నలభై అయిదేళ్లు. చెవులు పాములవి.

ఆ పద్ధతి ఏమిటో చెప్పాలి. కింద వాగు దగ్గర నుంచి కొండ నెత్తి దాకా నలభై గుంజలు పాతారు. ప్రతి నెలా మొదటి ఆదివారం, తెల్లవారగానే, ఒక్కో గుంజ దగ్గర అయిదేసి నిమిషాలు నిలబడాలి. ఒకరు వింటారు, ఒకరు రాస్తారు. చుట్టూ యాభై అడుగుల లోపల కూసినవే లెక్క. దూరం తేల్చేది వినేవాడే. రాసేవాడు నోరు విప్పకూడదు, తల పైకెత్తి చూడకూడదు, వేలు చూపకూడదు. లెక్క ఒక్క చెవిది. ఇద్దరు కలిసి వింటే పిట్టలు పుడతాయి అనేవాడు మావయ్య. ఆశ ఉన్నవాడికి ఆకు రాలినా పిట్టేనట. ఒకసారి విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పరిశోధకుడు, పక్కవాడు విన్న పిట్టను తన లెక్కలో కలిపాడని తెలిసి, మావయ్య ఆ నెల పేజీ మొత్తం అడ్డంగా కొట్టేశాడు. ఈ సంగతి ఇప్పటికీ తరగతుల్లో పాఠంగా చెబుతారు. నేను మ్యూజియం గోడకు కూడా రాశాను.

నేను మ్యాపుల ఆఫీసులో నకళ్లు గీసేదాన్ని. నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని ఇరవై రెండో ఏట మావయ్య నన్ను రాయడానికి పెట్టుకున్నాడు. ఎవరైనా వస్తే 'మా రాయసం' అని పరిచయం చేసేవాడు. ఆదివారం నాలుగింటికి లేవడం ఎవరికి సరదా? కానీ మొదటి ఏళ్లలో నాకు అదొక పండగలా ఉండేది. ఇరవై ఆరో గుంజ దాటితే పాత చెట్లు మొదలవుతాయి. అక్కణ్నుంచి నలభయ్యో గుంజ దాకా సూదిపిట్టల రాజ్యం. మావయ్య చెవి వెనక అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, రెండో చేతి వేళ్లు ఎత్తేవాడు. మూడు వేళ్లు. నేను వేసేది మూడు. ఆ మూడూ నాకూ వినబడేవి. ఆఫీసులో నాకు పెద్దగా స్నేహితులు లేరు, పెళ్లి చేసుకోవాలని అనిపించలేదు. ఆ పద్నాలుగు గుంజల మధ్య మాత్రం నేను ఒంటరిదాన్ని అనిపించేది కాదు.

ప్రతి పేజీ కింద ఒక అచ్చు వాక్యం ఉండేది: విన్నది విన్నట్టు రాయబడినది. దాని కింద విన్నవారు అని ఆయన సంతకం, రాసినవారు అని నాది.

ఆయనకు అరవై దాటాక వేళ్లు తగ్గాయి. మూడు లేచే చోట రెండు, రెండు లేచే చోట ఒకటి. నాకు మూడే వినబడేవి. మూడోది యాభై అడుగుల అవతల ఉందేమోలే అనుకునేదాన్ని. దూరం తేల్చేది ఆయన కదా. తర్వాత ఒకటీ లేవలేదు. అన్నీ అవతలే ఉన్నాయేమో, చెట్లు ముదిరి పిట్టలు పక్కకు జరిగాయేమో అనుకున్నాను. ఒకసారి సరిగ్గా నెత్తి మీద కూసింది. మావయ్య చెయ్యి కదల్లేదు. ఇదేదో పురుగై ఉంటుంది, పెద్దాయన చెవి ముందు నా చెవి ఎంత అని నాకు నేనే చెప్పుకున్నాను. నమ్మాలని ఉన్న మనిషికి కారణాలకు కొదవా? ఒక్కసారి మాత్రం ఆగలేక తలెత్తి చూశాను. ఆయన కళ్లు తెరిచి నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఆ తర్వాత మళ్లీ ఎత్తలేదు. సున్నా వేశాను. పద్నాలుగు గుంజలకూ పద్నాలుగు సున్నాలు. కింద సంతకం.

పై అడవిలోకి మా ఇద్దరికి తప్ప ఎవరికీ అనుమతి లేదు. ఆ పరిశోధకుడి గొడవ తర్వాత ఆ నిబంధన కూడా ఆయన పెట్టించిందే. గేటు దగ్గర కాపలాదారుకు పిట్టలన్నీ ఒకటే.

మావయ్య కుంగిపోయాడు. అన్నం దగ్గర కూర్చుని కలుపుతూ కలుపుతూ మర్చిపోయేవాడు. సూదిపిట్ట కనుమరుగు కావడం మీద ఆయన రాసిన వ్యాసం దేశదేశాల్లో అచ్చయింది. అది చదివి ఏడ్చిన వాళ్లున్నారు. చుట్టుపక్కల ఆయన పిట్టల లెక్కలు తీసిన మిగతా మూడు అడవులకు రక్షణ వచ్చింది ఆ వ్యాసం వల్లే. ఒక పిట్టను పోగొట్టుకున్నాం, మిగతావైనా మిగుల్చుకుందాం అని జనం కదిలారు. పతకం అందుకుని ఇంటికి వచ్చిన రోజు, దాన్ని బల్ల మీద పడేసి, చచ్చిన పిట్టకు ఇచ్చారు ఇది అన్నాడు. నేనూ ఏడ్చాను. నెలకోసారి చెవులతో వింటూనే, పోయిందని ఏడ్చాను. ఇంతకంటే వెర్రితనం ఎక్కడైనా ఉంటుందా అంటే నాకు తెలియదు.

పదో ఏడు నిండింది. అడవుల ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. షరతు ప్రకారం పై అడవి మీద రక్షణ తీసేసే విషయమై నెలాఖరున విచారణ జరుగుతుంది, లెక్క పుస్తకాలతో హాజరు కావాలి. కలప కాంట్రాక్టరు అప్పటికే దారి కొలిపించాడని విన్నాం. మావయ్యకు డెబ్భై నాలుగు. నోటీసు చదివి మడిచి అద్దాల పెట్టెలో పెట్టుకున్నాడు. పిట్టే పోయాక చెట్లకు సాక్ష్యం ఎవరు చెబుతారు అన్నాడు.

ఆ వారంలోనే ఆయనకు జ్వరం వచ్చింది. ఆఫీసుకు సెలవు పెట్టి మధ్యాహ్నం వెళ్లాను. అత్తయ్య కొత్త థర్మామీటరు కొన్నది, మోగే రకం. ఆయన చంకలో పెట్టి, నేను పక్క కుర్చీలో కూర్చుని పాత పేజీలకు నకలు రాస్తున్నాను. అది మోగింది. సన్నగా, నాలుగు సార్లు. తీస్తాడులే అని రాస్తూనే ఉన్నాను. తల ఎత్తితే, మావయ్య మోచెయ్యి ఒంటికి బిగించుకుని, పైకప్పు చూస్తూ బుద్ధిగా పడుకుని ఉన్నాడు.

"ఇంకా మోగలేదేంటే," అన్నాడు కాసేపటికి. "పాడైనట్టుంది."

నేను తీసి మీట నొక్కి ఆర్పాను. ఆయన చెవి పక్కన పట్టుకుని మళ్లీ నొక్కాను. మోగింది. ఆయన నా మొహంలోకి చూస్తున్నాడు, ఏం చేస్తున్నావన్నట్టు. ఆ మోత సూదిపిట్ట కూత అంత సన్నం. పదేళ్ల ఆదివారాలు వరసగా కళ్ల ముందుకొచ్చాయి. ప్రతి గుంజ దగ్గరా ఆ చెయ్యి, లేవని ఆ వేళ్లు.

గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉంది. నేను చూడగానే వంటగదిలోకి తిరిగి వెళ్లిపోయింది. వెనకే వెళ్లాను. ఆమె స్టవ్ మీద ఏమీ లేకపోయినా స్టవ్ తుడుస్తోంది. నీకు తెలుసా అని అడిగాను. ఆరేళ్లుగా తెలుసట. ఆదివారం గడియారం అలారం మోగుతుంటే ఆయన నిద్రపోతూనే ఉంటాడు. ఆమే భుజం తట్టి లేపుతుంది. అలారానికే లేచాననుకుంటాడు.

"చెప్పలేదేం అత్తయ్యా?"

"ఏం చెప్పనే? ఆ మనిషికి ఉన్న ఆస్తి ఆ చెవులేగా. మాటలన్నీ బాగానే వినిపిస్తున్నాయి. ఒక గడియారం మోత వినబడకపోతే కొంపలు మునుగుతాయా అనుకున్నా."

పై అడవికి ఆమె ఒక్కసారి కూడా రాలేదు. పిట్టలు పోయాయంటే నిజంగానే పోయాయనుకుంది. అవి ఉన్నాయని నేను చెప్పగానే తడిగుడ్డ చేతిలో ఉండగానే పీట మీద కూలబడింది. తర్వాత, మీ మావయ్యకు నువ్వే చెప్పు, నా వల్ల కాదు అంది.

జ్వరం తగ్గిన రెండో రోజు చెప్పాను. ముందు గదిలో బీరువా నిండా లెక్క పుస్తకాలు, మధ్యలో ఆయన. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. పిట్ట బతికుందనే మాట ప్రపంచంలో అన్నిటికంటే మంచి వార్త కావాలి. అది చెప్పడమంటే నీ చెవి చచ్చిపోయిందని చెప్పడం. రెండూ ఒకే మాట.

"మావయ్యా, సూదిపిట్టలు ఉన్నాయి. నేను వింటున్నాను. ఎప్పుడూ మానలేదు."

ఆయన అద్దాలు తుడుచుకున్నాడు. నీకు వినాలని ఉంది, అందుకే వినబడుతోంది అన్నాడు. ఎంత మెల్లగా అన్నాడో, అంత కోపం వచ్చింది నాకు. ఇరవై రెండేళ్లు నోరు మూసుకున్న కోపం. లోపలికి వెళ్లి థర్మామీటరు తెచ్చాను. మోగించాను. ఇప్పుడు మోగుతోంది అన్నాను. మోగడం లేదన్నాడు. మళ్లీ మోగించాను. ఇప్పుడు. లేదు. ఇప్పుడు. లేదు. ముసలివాడి మొహం ముందు ఆ పుల్ల ఆడిస్తూ ఎన్నిసార్లు చేశానో. అత్తయ్య వచ్చి నా చేతిలోంచి లాక్కుంది. ఆ సాయంత్రం చేసిన పనికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

మర్నాడు ఆయన ఒక్కడే చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లాడు. తిరిగి వచ్చి ఒక కాగితం నా ముందు పెట్టాడు. గీత సగం దాకా తిన్నగా నడిచి, అక్కణ్నుంచి బావిలో పడ్డట్టు కిందికి దిగిపోయింది. వయసు మీద పడ్డవాళ్లకు ముందు సన్నటి శబ్దాలే పోతాయట. మాటలూ, మోటు చప్పుళ్లూ చివరి దాకా వినబడతాయట. పన్నెండు పదమూడేళ్లుగా ఇలాగే ఉండి ఉంటుందన్నాడట డాక్టరు.

"అయితే బతికే ఉన్నాయన్నమాట," అన్నాడు మావయ్య.

కళ్ల నిండా నీళ్లు. ముప్పై మూడో గుంజ దగ్గర ఎన్ని అని అడిగాడు. మూడు అన్నాను. ముప్పై ఆరు? రెండు, ఒక్కోసారి నాలుగు. ముప్పై ఏడు దగ్గర ఆ ఒరిగిన చెట్టు మీద? అక్కడే ఎక్కువ, ఆరేడు ఉంటాయి. ఒక్కో గుంజా అడిగాడు, ఒక్కో గుంజా చెప్పాను. దూరదేశంలో ఉన్న బంధువుల క్షేమసమాచారం వింటున్నట్టు విన్నాడు. పిల్లలు కూడా ఉంటున్నాయా అని అడిగాడు. ఉంటున్నాయి, వానలయ్యాక చిన్న కూతలు వినబడతాయి అన్నాను. నేను ఆయన్ను అంత సంతోషంగా చూడటం అదే ఆఖరు.

తర్వాత, "మరి చెప్పలేదేం?" అన్నాడు.

నేను లెక్క పుస్తకం ఆయన వైపు జరిపాను. ఆయనకు తెలియనిదా? ఆయనే తల దించుకున్నాడు.

విచారణలో కాగితం చూపిస్తే చాలు కదా అనుకున్నాను నేను. చెవి పోయిన మనిషి లెక్క లెక్క కాదు, పదేళ్ల షరతు వర్తించదు, అడవి నిలబడుతుంది. మావయ్య నాకంటే దూరం చూశాడు. మిగతా మూడు అడవులు నిలబడ్డదీ ఆయన లెక్కల మీదే. అవి మోటు గొంతు పిట్టలవి, ఆ లెక్కల్లో తప్పు లేదు. కానీ పిట్టలాయన పదేళ్లుగా చెవిటివాడని ఒక్కసారి కాగితం మీద పడిందా, కాంట్రాక్టరు ప్లీడరు ఊరుకుంటాడా? బుట్టలో ఒక్క పండు కుళ్లిందంటే బుట్టంతా పారబోయిస్తాడు. రికార్డు చేసి వినిపిద్దామన్నాను. ఏ అడవిలో చేసుకొచ్చారో అంటారు అన్నాడు. నేను సాక్ష్యం చెబుతానన్నాను. అప్పుడు నావైపు జాలిగా చూశాడు.

"నూట ఇరవై పేజీల మీద నీ సంతకం ఉందమ్మా. అప్పుడు అబద్ధం రాసినదానివి ఇప్పుడు నిజం చెబుతున్నావంటే ఎవరు నమ్ముతారు?"

ఏం చేస్తారు మరి అని అడిగాను. అక్కడికి వెళ్లాక చూద్దాం అన్నాడు. నువ్వు మాత్రం ఏమీ కలపొద్దు అన్నాడు.

విచారణ గదిలో పొడుగాటి బల్ల, దాని మీద మూతలు పెట్టిన నీళ్ల గ్లాసులు. మావయ్య లోపలికి రాగానే అందరూ లేచి నిలబడ్డారు, కాంట్రాక్టరుతో సహా. ఇస్త్రీ చేసిన కోటు, ఆ కోటు లోపలి జేబులో డాక్టరు కాగితం. అది జేబులో పెట్టుకోవడం నేను చూశాను. ప్లీడరు ముందు ఎర్ర దారాలు కట్టిన మూడు ఫైళ్లు ఉన్నాయి. మూడు అడవులవి. ఈ విచారణతో వాటికి పని లేదు. అయినా తెచ్చి కనబడేలా పెట్టుకున్నాడు. మావయ్య చూపు వాటి మీద పడి అక్కడే ఆగిపోయింది.

అధ్యక్షుడు పెద్దమనిషి. చిన్నప్పుడు మీ వ్యాసం పాఠంగా చదివానండీ అని మొదలుపెట్టాడు. చివరికి అడగవలసింది అడిగాడు. పదేళ్ల పాటు పై అడవిలో సూదిపిట్ట వినబడలేదని మీ పుస్తకాలు చెబుతున్నాయి, ఆ లెక్క సరైనదేనని మీరు ధ్రువీకరిస్తారా?

మావయ్య చెయ్యి కోటు లోపలికి వెళ్లింది. ఎంతసేపు ఉందో ఆ చెయ్యి అక్కడ. తర్వాత ఖాళీగా బయటికి వచ్చింది.

"విన్నది విన్నట్టే రాశాం," అన్నాడు. "లెక్క సరైనదే."

అధ్యక్షుడు నావైపు తిరిగాడు. రాసినవారు మీరేనా, మీరేమైనా కలపవలసింది ఉందా అని అడిగాడు. లేచి నిలబడ్డాను. ఒక్క మాట చాలు. ఉన్నాయండీ అంటే చాలు. నా ముందు పుస్తకం తెరిచి ఉంది, పేజీ కింద నా ముత్యాల సంతకం. ఆ అధ్యక్షుడు దాన్నే చూస్తున్నాడు.

"ఏమీ లేదండీ," అన్నాను.

మావయ్య మూడు అడవుల కోసం ఒక అడవిని వదులుకున్నాడని ఎవరైనా అంటే కాదనలేను. పేరు కోసం వదులుకున్నాడన్నా కాదనలేను. ఆయన బతికున్నంత కాలం అడగలేకపోయాను, ఆయన చెప్పలేదు. ఆయన సంగతి ఎలా ఉన్నా, నా సంగతి నాకు తెలుసు. నేను ఆ గదిలో ఏ అడవినీ కాపాడలేదు. నూట ఇరవై సార్లు ఎందుకు సంతకం పెట్టావని నలుగురిలో అడుగుతారని భయపడ్డాను. ఆయన చెప్పొద్దన్నాడనే మాట నాకు దుప్పటిలా దొరికింది, కప్పుకున్నాను.

వానలు తగ్గగానే నరకడం మొదలైంది. రంపాల చప్పుడు ఊరి దాకా వచ్చేది. అది మావయ్యకు బాగా వినబడేది. అత్తయ్య పొద్దున్నే కిటికీలు మూసేది, ఆయన లేచి వెళ్లి ఒక్కొక్కటే తెరిచేవాడు. పెద్ద చెట్టు పడ్డప్పుడు బల్ల మీద గ్లాసు అదిరేది. ఆయన వేలెత్తేవాడు. ఒకటి. కాసేపటికి ఇంకొకటి. అత్తయ్య ఒకరోజు కాఫీ గ్లాసు ఆయన ముందు విసిరినట్టు పెట్టి, ఇక చాలు, వినబడనివాటిని వదిలేసి వినబడేవాటిని లెక్కపెడుతున్నారా అంది. పెళ్లయిన యాభై ఏళ్లలో ఆమె ఆయన్ను ఎదిరించి అన్న మాట అదొక్కటే. ఆయన గ్లాసు పక్కకు జరిపి మళ్లీ కిటికీ వైపు తిరిగాడు.

కొండ బోడిగుండు అయ్యాక, మొదటి ఆదివారం రాగానే మావయ్య బూట్లు వేసుకున్నాడు. రక్షణ లేదు, లెక్క అవసరం లేదు, అడిగేవాళ్లు లేరు. నేను పుస్తకం పట్టుకుని వెనకే వెళ్లాను. వాగు దగ్గర నుంచి ఇరవై ఆరో గుంజ దాకా పావురాలు, వడ్రంగిపిట్టలు మామూలే. ఆయన వేళ్లు లేచాయి, నేను రాశాను. ఇరవై ఏడు దగ్గర నుంచి మొదళ్లు. కొన్నింటిలోంచి ఇంకా జిగురు కారుతోంది. ఎండ నేరుగా నేల మీద పడుతుంటే దారి కూడా నాకు కొత్తగా ఉంది. గుంజలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి, వాటితో కలపవాళ్లకు పని లేదు కదా. ఒక్కో గుంజ దగ్గరా అయిదు నిమిషాలు. మావయ్య చెవి వెనక అరచెయ్యి పెట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. ఊగిసలాడకుండా ఒక చేత్తో గుంజను పట్టుకున్నాడు. నేను తల దించుకుని గడులు నింపాను.

నలభయ్యో గుంజ దగ్గర అయిదు నిమిషాలూ అయిపోయాయి. ఆయన చెయ్యి దించలేదు. సమయం అయిందని చెప్పడం రాసేవాళ్ల పని కాదు కాబట్టి ఊరుకున్నాను. ఇంకొక అయిదు నిమిషాలు అయి ఉంటాయి. కళ్లు తెరవకుండానే అడిగాడు.

"నీకు వినబడుతున్నాయా?"

ఇరవై రెండేళ్లలో ఆ మాట నన్ను అడగడం అదే మొదటిసారి. నేను పుస్తకం మూసి తలెత్తాను. ఆయనలాగే చెవి వెనక అరచెయ్యి పెట్టుకుని విన్నాను. నేను విన్నాను, నిజంగా విన్నాను, ఒక్క సన్నటి దారం ఎక్కడైనా దొరుకుతుందేమోనని మొదళ్ల మీదా, ఆకాశం మీదా వెతికాను. దొరికితే ఆయన వద్దన్నా నేను ఊరంతా తిరిగి చెప్పాలనుకున్నాను. గాలి తప్ప ఏమీ లేదు.

"లేదు మావయ్యా," అన్నాను.

ఆయన తల ఊపి చెయ్యి దించాడు. నేను పుస్తకం తెరిచి ఆఖరి గడిలో సున్నా వేశాను. నేను వేసిన సున్నాలన్నిటిలోకీ నిజమైనవి ఆ పేజీలోవే.